పేరెత్తని ఎక్కిళ్ళు

సూది వేల్లోకి దిగిన సంగతి ఎనెయిదాకి వేలు చెప్పలేదు, పసుపు గుడ్డ చెప్పింది. గుడ్డ మీద ఎర్రగా చుక్క కనబడ్డాక చెయ్యెత్తి చూసుకుంటే, చూపుడువేలి గోరు పక్కన సూది సగం దాకా దిగి నిలబడి ఉంది. లాగి పడేసి వేలు నోట్లో పెట్టుకుంది. రక్తం ఉప్పగా నాలుకకి తగిలింది గానీ వేలికి మాత్రం ఏమీ తెలియలేదు. గుడ్డ మీది మరక ఉతకాలా వద్దా అని కాసేపు ఆలోచించి, చివరికి దాని మీదే ఓ చమ్కీ కుట్టేసింది.

కార్నివాల్ దగ్గర పడింది. బారియో అబాహో పేటలో ఏ గుమ్మం ముందు నిలబడినా కుట్టుమిషన్ల చప్పుడే. ఎనెయిదా ఇంట్లో కూడా పొడుగు ముక్కులు, ఏనుగు చెవులు ఉన్న మరిమోండా ముసుగులు మంచం మీద, కుర్చీల మీద, ఆఖరికి ఫ్రిజ్ మీద కూడా గుట్టలు పడి ఉన్నాయి. కొన్నింటికి ఇంకా కళ్ళ దగ్గర రంధ్రాలు కత్తిరించాలి.

ఆమె కుడికన్ను పోయి ఏడాది కావస్తోంది. ఇంక మిగిలింది ఎడమకన్ను. సూదిలో దారం ఎక్కించాలన్నా, వీధి దాటాలన్నా, మొగుడి మొహం చూడాలన్నా అదే దిక్కు. కుడికన్ను పోయిన రోజున ఆమె ఏడవలేదని వీధిలో ఆడవాళ్ళు బుగ్గలు నొక్కుకున్నారు. గుండె రాయి చేసుకుంది పాపం అన్నారు. రాయీ లేదు, రప్పా లేదు. ఏడుపు రాలేదు, అంతే. అప్పట్నుంచి నవ్వూ సరిగ్గా రావడం లేదు, ఆ సంగతి ఎవరూ పట్టించుకోలేదు.

మొగుడు అల్సీదెస్ మోటార్‌సైకిల్ టాక్సీ తోలతాడు. మధ్యాహ్నం భోజనానికొచ్చి, గుమ్మంలోనే ఆమె నోట్లో వేలు చూశాడు.

"ఏమే, చిన్నపిల్లలా వేలు చీకుతున్నావు? అన్నం వండలేదా ఏంటి?"

"సూది దిగింది. తెలీలేదు."

"ఏం తెలీలేదు?"

"దిగినట్టు."

అల్సీదెస్ నవ్వు సగంలో ఆగింది. బల్ల మీది సూది తీసి ఆమె రెండో చేతి మీద మెల్లిగా ఆనించాడు. "ఇక్కడా?" లేదంది. మోకాలి మీద. లేదంది. పాదం మీద. ఆమె గోడ వైపు చూస్తూ, "ఆనించావా?" అంది.

"ఎప్పట్నుంచే ఇది?"

"మొన్నట్నుంచి చెప్పు జారిపోయినా చూసుకుంటే గానీ తెలియట్లేదు. కార్నివాల్ అయ్యాక చెబుదామనుకున్నా."

"ఆహా. తీరిగ్గా చెబుదామనుకున్నావన్నమాట," అన్నాడు అల్సీదెస్. అన్నం ముట్టకుండా, ఆమెని రెండు చేతులా ఎత్తి బండి మీద కూచోబెట్టాడు. జారిపోకుండా తన నడుముకీ ఆమె నడుముకీ కలిపి పసుపు గుడ్డ పీలిక ఒకటి కట్టాడు. అలాగే ఆసుపత్రికి తీసుకుపోయాడు.

ఇక్కడ ఒక పాత సంగతి చెప్పాలి. చెప్పకూడదని ఆ ఇంట్లో కట్టుబాటు ఉంది, అయినా చెప్పక తప్పదు.

కన్ను పోవడానికి కొన్నాళ్ళ ముందు, ఈస్టరు ముందు ఉపవాసాల రోజుల్లో, ఎనెయిదాకి ఎక్కిళ్ళు పట్టుకున్నాయి. మామూలు ఎక్కిళ్ళు కావు. పొద్దున లేస్తే ఎక్కిళ్ళు, మిషను తొక్కుతుంటే ఎక్కిళ్ళు, నిద్దట్లోనూ ఎక్కిళ్ళే. తిన్నది తిన్నట్టు బయటికొచ్చేసేది. మొదటివారం వీధికంతా వేడుక. డామినో ఆడే ముసలాళ్ళు ఆమె ఎక్కిలికి సరిగ్గా అందేట్టు బల్ల మీద బిళ్ళ కొట్టేవాళ్ళు. "ఎవడే నిన్ను అంతలా తలుచుకుంటున్నాడు? నేనైతే కాదు, నాకంత ఖాళీ లేదు," అనేవాడు అల్సీదెస్. వాంతులు చూసి ఆడవాళ్ళు నెల తప్పిందన్నారు. అదీ కాదని తేలింది. దగ్గర్లో ఉన్న క్లినిక్కులో కుర్ర డాక్టరు ఇది మనసు కంగారమ్మా, ఊరికే టెన్షన్ పడుతున్నావు అని నిద్రమాత్ర రాశాడు. ఆ మాత్రతో నిద్రయితే పట్టింది, నిద్దట్లో ఎక్కిళ్ళు వస్తూనే ఉన్నాయి.

మూడోవారంలో పెద్దమ్మ పెత్రోనా దిగింది. ఎనెయిదా తల్లికి అక్క. తల్లి పోయాక పిల్లని పెంచింది ఆవిడే. ఒంటి మీద పొక్కుల్లా లేచే సర్పి కట్టడం, దిష్టి తీయడం, చంటిపిల్లల ఎక్కిళ్ళు ఆపడం ఆవిడకి వెన్నతో పెట్టిన విద్య. ఎనెయిదా కుట్టుపెట్టెలోంచే ఎర్రదారం ముక్క తెంపి, నోట్లో పెట్టి ఉమ్మితో తడిపి, పిల్ల నుదుటి మీద అంటించింది. ఏదో గొణిగింది. చంటిపిల్లలకి చేసేది ముప్పై దాటినదానికి చేస్తున్నావేంటని అల్సీదెస్ అంటే, "నాకు ఇది చంటిదే. నువ్వు మూసుకో," అంది.

మూడు రోజులకి ఎక్కిళ్ళు ఆగాయి. నవ్వినవాళ్ళ నోళ్ళన్నీ మూతబడ్డాయి. పెద్దమ్మ అందర్నీ నిలబెట్టి ఒట్టు వేయించింది.

"పోయిన పీడ పేరు ఎత్తకండి. పేరెత్తితే పిలిచినట్టే. ఎవరి నోట వస్తే వాళ్ళ ఒంట్లోకి పోతుంది. మన వీధి నికనోరు సర్పి నేను కట్టలేదూ? వాడు నోరు మూసుకునే ఉన్నాడు. వాడి పెళ్ళాం నీళ్ళ దగ్గర గొప్పకి చెప్పింది. ఎవరికొచ్చింది తర్వాత?"

వాడి పెళ్ళానికే వచ్చింది. వీధంతా చూసింది. మీరు నవ్వుకోండి, మేం నవ్వలేదు. అప్పట్నుంచి ఆ ఇంట్లో ఆ మాట లేదు. నాలుకకి నరం లేని అల్సీదెస్ కూడా "ఆ సంగతి" అనేవాడు, అంతే.

ఆ తర్వాత కన్ను పోయింది. పెద్ద క్లినిక్కులో డాక్టరు స్కాను తీయించి, నరాల మీది తొడుగు ఊడిపోయే జబ్బు అని చెప్పి, రోజు విడిచి రోజు పొట్టలో పొడుచుకునే ఇంజెక్షన్ రాశాడు. "ఇంతకుముందు ఏమైనా బాధలున్నాయా?" అని అడిగాడు. ఎనెయిదా ఆలోచించి, లేవండి అంది. అబద్ధమని ఆమె అనుకోలేదు. ఎక్కిళ్ళు జబ్బేమిటి, ఎవరైనా డాక్టరుకి చెప్పుకుంటారా? పైగా ఒట్టు ఉంది. ఇంజెక్షన్లు అల్సీదెసే వేసేవాడు, పాపం, నేర్చుకుని మరీ.

ఆసుపత్రిలో ఆమెని చూసిన డాక్టరు పేరు మరెల్విస్ ఒచోవా. పొట్టి మనిషి. నడకా వేగమే, మాటా వేగమే. కళ్ళజోడు మెడలో వేలాడుతుంటే అది ఎక్కడో పెట్టి మర్చిపోయానని వెతుక్కునే రకం. దూది పెట్టి, సూది పెట్టి, చల్లటి చెంచా పెట్టి రెండు రోజులు చూసింది. రొమ్ముల కింద నుంచి ఎనెయిదా ఒళ్ళు ఎవరిదో అయిపోయింది. చేతుల్లో మోచేతి కింద మొద్దు. కాళ్ళు లేవవు. స్కాను మిషను చెడిపోయి ఉంది. రక్తం రాజధాని బొగొటాకి పంపారు, అది తిరిగొచ్చేసరికి వారాలు పడుతుంది.

మూడోరోజు పొద్దున డాక్టరు మంచం పక్కన కుర్చీ లాక్కుని కూచుంది. అవతల పెత్రోనా పెద్దమ్మ జపమాల తిప్పుకుంటోంది. బీమా వాళ్ళ అనుమతి స్టాంపు కోసం క్యూలో నిలబడ్డానికి అల్సీదెస్ తెల్లారకముందే వెళ్ళిపోయాడు.

"చూడమ్మా ఎనెయిదా, మెదడులో నరాల కణాలుంటాయని అందరికీ తెలుసు. వాటి చుట్టూ ఇంకో రకం కణాలున్నాయి. ఆకాశంలో చుక్కల్లా కొమ్ములతో ఉంటాయి. పాతకాలం డాక్టర్లు వాటిని ఉత్త జిగురనుకున్నారు. గ్లియా అని పేరు పెట్టారు, అంటే జిగురనే. నరాలు పడిపోకుండా పట్టుకోవడం తప్ప వాటికి పనేం లేదనుకున్నారు. తీరా చూస్తే, నరానికి తిండి పెట్టేది అవే, నీళ్ళు తోడేది అవే. అవి చస్తే నరం తర్వాత చస్తుంది."

"లైనింగన్నమాట," అంది ఎనెయిదా.

"ఏంటీ?"

"పై గుడ్డనే అందరూ చూస్తారు. లోపల లైనింగు చిరిగితే పై గుడ్డ ఎంత ఖరీదైనదైనా ఒంటి మీద నిలవదు."

"అదే అనుకో," అంది డాక్టరు. "నీకున్నది రెండు జబ్బుల్లో ఒకటి. రెండూ అక్కాచెల్లెళ్ళలా ఉంటాయి. ఒకటి నరం తొడుగుని తింటుంది. నువ్వు వేసుకునే ఇంజెక్షన్ దానికి. రెండోదాంట్లో నీ రక్తమే ఆ చుక్కల కణాల మీద పగబట్టి చంపుతుంది. మన కోస్తా మనుషుల్లో, నల్లవాళ్ళలో, ఆడవాళ్ళలో ఇది ఎక్కువ. రెండోదే అయితే ఆ ఇంజెక్షన్ అగ్నిలో ఆజ్యం పోసినట్టే. ఈసారి పోయేది ఎడమకన్ను."

పెద్దమ్మ జపమాల ఆగింది. ఎనెయిదా మొహంలో ఏ మార్పూ లేదు.

"నీకు భయం వేయట్లేదా?" డాక్టరు ముందుకి వంగింది.

"ఏమీ అనిపించట్లేదండి. కన్ను పోయినప్పుడూ ఇంతే."

"అది నీ తప్పు కాదు. మనసు మొద్దుబారడంలో కూడా ఆ కణాలకి వాటా ఉందేమోనని చదువుతున్నాం. ఇంకా పూర్తిగా తేలలేదు," అంది డాక్టరు. కళ్ళజోడు కోసం జేబులు తడుముకుంది. "సరే విను. రెండోదే అయితే రక్తంలోంచి ఆ విషం తీసి కడిగే మిషను ఇక్కడే ఉంది. కానీ ఉత్త అనుమానంతో పెట్టనివ్వరు. మధ్యాహ్నం పెద్ద డాక్టర్లంతా కూచుంటారు. వాళ్ళకి చూపించడానికి నాకు ఒక్క ఆధారం కావాలి. ఆ జబ్బుకి మొదట్లో ఒక గుర్తు ఉంటుంది, అందరికీ రాదు. నీ కన్ను పోకముందు ఎప్పుడైనా ఆగకుండా వాంతులయ్యాయా? వారాల తరబడి ఎక్కిళ్ళు వచ్చాయా?"

ఆ మాట వినపడగానే పెద్దమ్మ గుండెల మీద సిలువ గుర్తు వేసుకుంది. ఎనెయిదా పెద్దమ్మ వైపు చూసింది. పెద్దమ్మ నేల వైపు చూసింది.

"లేదండి," అంది ఎనెయిదా.

ఎందుకు అలా అంది అని తర్వాత అల్సీదెస్ చాలాసార్లు అడిగాడు. భయపడిందా అంటే భయం లేదు. పెద్దమ్మ పరువు కోసమా అంటే అదీ పూర్తిగా కాదు. ఒట్టు వేసింది, ఒట్టు అక్కడే ఉంది. దాన్ని పక్కకి నెట్టడానికి కూడా మనిషికి కొంచెం ఓపిక కావాలి, ఆమెకి అది లేదు. డాక్టరు నిట్టూర్చి, "బాగా గుర్తు తెచ్చుకో," అని చెప్పి, ఇంకో మంచం దగ్గరికి పోయింది.

గదిలో ఫ్యాను తిరుగుతోంది. కాసేపటికి ఎనెయిదా మామూలు గొంతుతోనే, "పెద్దమ్మా, పొద్దున్నించి ఎడమకన్ను కదిపితే నొప్పిగా ఉంది," అంది.

"ఎట్లాంటి నొప్పి?"

"అప్పట్లాంటిదే."

పెద్దమ్మకి అంతకంటే చెప్పక్కర్లేదు. జపమాల మూటగట్టి రవికలో దోపుకుంది. చెప్పులు వెతుక్కుని తొడుక్కుంది. పిల్ల నుదుటి మీద, ఎప్పుడో దారం అంటించిన చోట, బొటనవేలితో ఒకసారి రాసింది. లేచి, గోడ పట్టుకుని వరండాలోకి నడిచింది.

తలుపు తీసే ఉంది. లేవలేని మనిషి వినడం తప్ప ఏం చేస్తుంది?

"డాక్టరమ్మా, ఆగు," అంటోంది పెద్దమ్మ. "ఎక్కిళ్ళు. మా పిల్లకి ఎక్కిళ్ళు వచ్చాయి. మూడు వారాలు వచ్చాయి, ఎక్కిళ్ళు. తిన్నదల్లా కక్కింది. నేను దారం అంటించాను. ఆ తర్వాత దాని నోరూ, ఇంట్లో అందరి నోళ్ళూ నేనే మూయించాను."

"కన్ను పోకముందేనా? ఎన్నాళ్ళ ముందు?"

"ముందే. ఈస్టరుకి ముందు. డాక్టరమ్మా, ఒకటి రాసుకో. ఆ మాట చెప్పింది నేను. పెత్రోనా కస్సియానీ. అది చెప్పలేదు. దాని నోటెంట ఆ మాట రాలేదు."

"ఎవరు చెబితే ఏంటి పెద్దమ్మగారూ?" అంటూ డాక్టరు అప్పటికే పరిగెడుతోంది, చెప్పుల చప్పుడు దూరమైపోయింది.

డాక్టరుకి అర్థం కాలేదు. మంచం మీదున్నదానికి అర్థమైంది. ముసలిది ఆ పేరు మూడుసార్లు పలికింది, తన పేరు కూడా చేర్చింది. వచ్చేది దారి తప్పి మళ్ళీ పిల్ల దగ్గరికి పోకూడదని అంత జాగ్రత్త పడింది. ఎనెయిదా పైకప్పు చూస్తూ పడుకుంది. ఇప్పుడు ఏడవాలి అనుకుంది. రాలేదు.

ఆ సాయంత్రమే మెడ దగ్గర గొట్టం పెట్టి మిషనుకి తగిలించారు. ఆమెలోంచి తీసిన పసుపు నీరు సంచుల్లోకి కారుతుంటే అల్సీదెస్ పక్కన నిలబడి, "మరిమోండా గుడ్డలకి అద్దకం వేసుకోవచ్చే దీంతో," అన్నాడు. కళ్ళు మాత్రం తుడుచుకుంటున్నాడు. పొట్టలో ఇంజెక్షన్లు మానేశారు. ఎడమకన్ను రెండు రోజులు మసకబారింది. మూడోరోజు అంతకంటే దిగజారలేదు. వారం తిరిగేసరికి ఫ్యాను రెక్కలు విడివిడిగా కనబడ్డాయి. బొగొటా నుంచి రక్తం కబురు చాలా రోజుల తర్వాత వచ్చింది. డాక్టరు ఊహించిందే.

ఇంటికి పంపేరోజు మరెల్విస్ డాక్టరు పెద్దమ్మని పక్కకి పిలిచి చెప్పింది. ఆ ఎక్కిళ్ళు దారం వల్ల ఆగలేదు, ఆ జబ్బులో అవి వాటంతటవే ఆగుతాయి. ఎవరో పలికితే తిరిగొచ్చేవి కావు, ఎవరికీ అంటుకునేవీ కావు. పెద్దమ్మ మర్యాదగా అంతా వింది. "సరేనమ్మా. నువ్వు చదువుకున్నదానివి," అంది. నమ్మలేదు.

కార్నివాల్ వాళ్ళు లేకుండానే అయిపోయింది. ముసుగులు పక్కింటివాళ్ళు పూర్తి చేసిచ్చారు. పెద్దమ్మ తన గది ఖాళీ చేసి ఎనెయిదా ఇంటికే వచ్చేసింది, పిల్లకి వండిపెట్టాలని చెప్పింది గానీ అసలు సంగతి అది కాదు. వచ్చేముందు కోళ్ళు పంచేసింది. తనకి ఆఖర్న తొడగాల్సిన తెల్లగౌను ఇస్త్రీ చేయించి పెట్టెలో అడుగున పెట్టింది. పనయ్యాక గుమ్మంలో ఊగుడుకుర్చీ వేసుకుని వీధి వైపు తిరిగి కూచునేది.

"ఎవరి కోసం అత్తా ఆ ఎదురుచూపు? పాత ప్రియుడెవరైనా ఉన్నాడా?" అనేవాడు అల్సీదెస్.

"వచ్చేవాళ్ళు వస్తారు," అనేది.

ఎనెయిదా గోడ పట్టుకుని నడవడం మొదలుపెట్టింది. చేతులు ఇంకా మొద్దుగానే ఉన్నాయి. పొద్దంతా ఆ ముసలి వీపునీ, కుర్చీ ఊగడాన్నీ చూస్తుండేది. ఆవిడకేదైనా చెప్పాలనిపించేది. చెప్పడానికి మాటలు వెతికితే లోపల ఖాళీ గది తగిలేది.

ఒక ఆదివారం మధ్యాహ్నం ముగ్గురూ భోజనానికి కూచున్నారు. జున్నూ, మొక్కజొన్న ఉండలూ. పెద్దమ్మ ఎప్పట్లాగే నీళ్ళు తాగకుండా పొడిగా మింగుతోంది.

"ఎక్."

అల్సీదెస్ చెంచా గాల్లో ఆగిపోయింది. ఇంకోసారి వచ్చింది. పెద్దమ్మ పళ్ళెం పక్కకి జరిపింది. మూతి తుడుచుకుని, జుట్టు సవరించుకుని, చుట్టాన్ని పలకరించినట్టు, "వచ్చావా," అంది మెల్లిగా.

"అత్తా, నీళ్ళు తాగితే..." అన్నాడు అల్సీదెస్.

"మాట్లాడకు. ఎవ్వరూ నోరెత్తకండి. ఎక్. ఇది నాది."

ఎనెయిదా లేచింది. గోడ పట్టుకుని, మిషను పట్టుకుని, కుట్టుపెట్టె దగ్గరికి పోయింది. ఎడమకన్ను దగ్గరగా పెట్టి వెతికి ఎర్రదారం రీలు తీసింది. పళ్ళతో ముక్క కొరికి, నోట్లో తడిపి, మళ్ళీ గోడ పట్టుకుని వచ్చి, పెద్దమ్మ నుదుటి మీద అంటించింది. అంటిందో, జారిందో వేళ్ళకి తెలియలేదు. వంగి పెదాలు ఆనించి చూసింది. దారం తడిగా ఉంది, నుదురు వెచ్చగా ఉంది. పెద్దమ్మకి ఎక్కిలి వచ్చినప్పుడల్లా ఆ నుదురు ఆమె పెదాలకి కొట్టుకుంటోంది.

పెదాలు అక్కడే ఉంచి, "ఎక్కిళ్ళు," అంది ఎనెయిదా.

పెద్దమ్మ బిగుసుకుపోయింది. "నోర్ముయ్యవే."

"ఎక్కిళ్ళు, పెద్దమ్మా. నా ఎక్కిళ్ళు. నేనే అన్నాను, ఎనెయిదా కస్సియానీ. నాది నాకిచ్చెయ్."

"ఎక్కిళ్ళు," అన్నాడు అల్సీదెస్ బల్ల దగ్గర్నుంచి, నోటినిండా జున్నుతో. "అల్సీదెస్ కూడా అన్నాడు. ముగ్గురం ఉన్నాం, ఎవరింటికి పోవాలో దాన్నే తేల్చుకోమను."

"దరిద్రుల్లారా," అంది పెద్దమ్మ. ఏడుస్తోంది. ఏడుస్తూనే చెయ్యెత్తి ఎనెయిదా మోచేతి కింద ఫెడీమని ఒక్కటిచ్చింది. చిన్నప్పుడు పాలు ఒలకబోస్తే కొట్టిన దెబ్బే అది.

ఎనెయిదా దెబ్బ తగిలినచోట పట్టుకుని నిలబడిపోయింది. బుగ్గల మీద తడి కారుతోంది.

"నొప్పేసింది పెద్దమ్మా," అంది.